పేరులో అక్షర భేదం... పింఛనుకు అవరోధం

మాదాపూర్: ఐటీ కారిడార్‌లోని ఏ పెద్ద సంస్థ ద్వారం వద్దనైనా సందర్శకుల పుస్తకం ముందు కూర్చున్న పర్యవేక్షకుడు మాజీ సైనికుడు కావడం ఈ ప్రాంతవాసులకు కొత్త కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలలో భద్రతా కొలువులు పెరుగుతూ వచ్చాయి. కాపలాదారుల నియామకంలో మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చునని 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం సైతం పేర్కొంటోంది. అయితే కొలువులో చేరబోయే విశ్రాంత సైనికునికి తొలి చిక్కు తరచూ పేరు వద్దనే ఎదురవుతుంది. డిశ్చార్జి పుస్తకంలో ఒక తీరుగా, ఆధార్‌లో మరో తీరుగా, పాన్ కార్డులో ఇంకో తీరుగా ఉన్న పేర్లు ఒకే వ్యక్తివని నిరూపించుకోవలసి వస్తుంది.

కొలువు సంగతి ఎలాగో సర్దుకుంటుంది. అసలు ప్రమాదం వేరొకటి ఉంది. సైనికుడు జీవించి ఉన్నంత కాలం నెలనెలా పింఛను జమ అవుతూనే ఉంటుంది గనుక తప్పు బయటపడదు. ఆయన కన్నుమూసిన తర్వాత కుటుంబ పింఛను కోసం భార్య దరఖాస్తు చేసుకున్నప్పుడే సైనిక దస్త్రంలోని పేరు, ఆమె ఆధార్‌లోని పేరు పక్కపక్కన నిలుస్తాయి. అప్పటికి సాక్ష్యం చెప్పవలసిన మనిషి ఉండడు.

గుమస్తా విన్నదే పేరు

తెలుగువారి పేర్లు సైన్యంలో తారుమారు కావడానికి కారణం మన నామకరణ పద్ధతిలోనే ఉంది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టడం వాడుక. సైనిక భర్తీ పత్రంలోనూ, ఆ తర్వాత వచ్చిన కంప్యూటరు పత్రాలలోనూ మొదటి పేరు, చివరి పేరు అనే గళ్లు ఉంటాయి. ఆ గళ్లలో పడగానే ‘రావు’, ‘రెడ్డి’ ఇంటిపేర్లుగా మారిపోతాయి. అసలు ఇంటిపేరు ఒక అక్షరంగా మిగులుతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. పటాలంలో తెలుగు జవాన్లు పలువురు కేవలం ‘రావు’గానే చలామణి కావడం వారందరికీ తెలిసిన విషయమే.

ఇక ఇంగ్లిషు వర్ణక్రమం మరో తలనొప్పి. లక్ష్మిని ఒకరు ‘ఎక్స్’తో రాస్తే మరొకరు ‘కె.ఎస్.హెచ్.’తో రాస్తారు. రామయ్యకు చివర ‘వై’లు రెండు రాసేవారూ ఉన్నారు, ‘ఐ.ఎ.హెచ్.’ చేర్చేవారూ ఉన్నారు. తెలుగు రాని గుమస్తా తన చెవికి వినిపించినది రాసుకుంటే, పద్దెనిమిదేళ్ల కుర్రవాడు దానిని సరిచూసి అభ్యంతరం చెప్పే పరిస్థితి ఉండదు. ఆ నాటి రాతే షీట్ రోల్‌లోకి, అక్కడి నుంచి డిశ్చార్జి పుస్తకంలోకి, అక్కడి నుంచి పింఛను చెల్లింపు ఉత్తర్వులోకి, అంటే పీపీఓలోకి ప్రవహిస్తుంది.

పదవీ విరమణ తర్వాత డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్లీ చేరినవారికి ఈ చిక్కు రెట్టింపవుతుంది. వారికి రెండు సర్వీసులు, రెండు దస్త్రాలు. అర్హత కాలం పూర్తి చేసినవారికి రెండు పింఛన్లు. రెండు చోట్లా పేరు ఒకే విధంగా రాశారా అన్నది విడిగా చూసుకోవలసిందే.

బ్యాంకు చేతిలో లేదు

చాలామంది చేసే మొదటి పొరపాటు బ్యాంకు శాఖకు వెళ్లడం. ఖాతాలో పేరు మార్చగలదు గాని, సైనిక దస్త్రంలో పేరు మార్చే అధికారం బ్యాంకుకు లేదు. ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ శాఖ పింఛను ప్రధాన కంట్రోలర్ కార్యాలయం కూడా తనంతట తాను పేరు దిద్దదు. సైనికుడు పనిచేసిన దళానికి చెందిన రికార్డు కార్యాలయం సవరణను అంగీకరించి సిఫార్సు చేస్తేనే అక్కడ సవరణ పీపీఓ వెలువడుతుంది. సైనిక పరిభాషలో దీనిని ‘కొరిజెండం’ అంటారు. గతంలో బ్యాంకుల ద్వారా అందిన పింఛన్లు ఇప్పుడు ‘స్పర్శ్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వచ్చాయి. తెర మారినా మూలం మారలేదు. పేరు విషయంలో నేటికీ నిర్ణయం రికార్డు కార్యాలయానిదే.

ఆ కార్యాలయం ఎక్కడుందన్నది కూడా చాలా కుటుంబాలకు తెలియదు. ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్‌లలో పనిచేసినవారు అదృష్టవంతులు. వారి రికార్డు కార్యాలయాలు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఫిరంగి దళం వారి పరిస్థితి విచిత్రం. గచ్చిబౌలికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, గోల్కొండ వద్దనున్న ఆర్టిలరీ కేంద్రంలో శిక్షణ పొందినవారు సైతం దస్త్రం కోసం నాసిక్ రోడ్డుకే రాయాలి. మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజినీర్లకు బెంగళూరు, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, వైద్య దళానికి లక్నో, డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌కు కన్నూర్ చిరునామాలు. వైమానిక దళం వారికి ఢిల్లీలోని సుబ్రతో పార్కు, నావికులకు ముంబయిలోని మాన్‌ఖుర్ద్. సైనికాధికారుల దస్త్రాలు ఢిల్లీలోని అడ్జుటెంట్ జనరల్ శాఖలో ఉంటాయి. తాత గారి పాత కాగితాలలో ‘హైదరాబాద్ రెజిమెంట్’ అని చూసి సికింద్రాబాద్‌లో వెదకడం వృథా ప్రయాస. ఆ రెజిమెంటు 1945లో కుమావూఁ రెజిమెంటుగా మారింది. దాని కేంద్రం హిమాలయ సానువుల్లోని రాణీఖేత్‌లో ఉంది.

ఏ పత్రాన్ని దిద్దించాలి?

దరఖాస్తు రాయడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. సైనికుని సొంత పేరు విషయంలో సైనిక దస్త్రాన్ని ఆధార్‌కు అనుగుణంగా మార్చడం కంటే, ఆధార్‌ను సైనిక దస్త్రానికి అనుగుణంగా మార్చుకోవడం తరచూ సులభం. సైనిక దస్త్రం పాతది, ఆధార్ కొత్తది. ఇరవై ఏళ్ల సర్వీసు రుజువు ఒక కొత్త కార్డును చూసి మారదు. అయితే ఆధార్‌లో పేరు సవరణకు జీవితకాలంలో రెండు పర్యాయాలే అవకాశం ఉన్నందున తొందరపాటు తగదు. ముందుగా పీపీఓలో ఉన్న వర్ణక్రమాన్ని అక్షరం అక్షరం రాసుకొని ఆ తర్వాతే ఆధార్ కేంద్రానికి వెళ్లాలి.

సర్వీసు దస్త్రంలోని పేరే నిజంగా తప్పయితే, భర్తీకి పూర్వపు పదో తరగతి ధ్రువపత్రం అన్నింటికంటే బలమైన ఆధారం. భర్తీ తర్వాత పుట్టిన పత్రాలు ఎన్ని జతచేసినా వాటి బరువు తక్కువే. తొలి నమోదుకు సైన్యంలో ఎంతటి పట్టు ఉంటుందో జనరల్ వి.కె.సింగ్ ఉదంతం తెలుపుతుంది. ఆయనది పేరు వివాదం కాదు, పుట్టిన సంవత్సరం వివాదం. సైన్యంలోని ఒక శాఖ వద్ద 1950 అనీ, మరో శాఖ వద్ద 1951 అనీ నమోదైంది. సైన్యాధిపతి పదవిలో ఉండగానే ఆయన సుప్రీంకోర్టు తలుపు తట్టి, 2012 ఫిబ్రవరిలో పిటిషన్‌ను ఉపసంహరించుకొని, అదే ఏడాది మే 31న పదవీ విరమణ చేశారు. 1951 ఏడాదికి ప్రభుత్వ ఆమోదం దక్కలేదు. సైన్యాధిపతికే సాధ్యపడనిది హవల్దారుకు ఒక్క ఉత్తరంతో సాధ్యపడుతుందని ఆశించరాదు. అయితే పుట్టిన తేదీ సర్వీసు కాలాన్నే మారుస్తుంది, పేరులోని అక్షర దోషం దేనినీ మార్చదు. కనుక పేరు సవరణలు, ఆధారాలు సక్రమంగా ఉంటే, జరుగుతూనే ఉన్నాయి.

భార్య పేరే ముఖ్యం

భార్యాబిడ్డల పేర్ల విషయంలో మాత్రం దిద్దవలసింది సైనిక దస్త్రాన్నే. పెళ్లి, సంతానం, పేరు మార్పు వంటి వివరాలు సర్వీసులో ఉండగా ‘పార్ట్ టూ ఆర్డర్’ ద్వారా నమోదవుతాయి. సెలవులో వచ్చి పెళ్లి చేసుకున్న జవాను, భార్యను ఇంట్లో పిలిచే పేరునే యూనిట్‌లో చెప్పి ఉండవచ్చు. పుట్టింటి ఇంటిపేరుతో రాయించిన వారున్నారు, ఇంటిపేరే లేకుండా రాయించిన వారున్నారు. దస్త్రంలో ‘లక్ష్మి’, ఆధార్‌లో ‘వెంకటలక్ష్మమ్మ’ అయితే చూసే అధికారికి వారు ఇద్దరు స్త్రీలు. రెండో భార్య ఉన్నదేమోనన్న అనుమానం కూడా అక్కడే మొదలవుతుంది. అది ఎంత అవమానకరమో వేరే చెప్పనక్కరలేదు.

చాలా పాత పీపీఓలలో భార్య పేరు అసలే ఉండదు. అటువంటివారు పేరును చేర్పించుకోవడం తక్షణావసరం. పదవీ విరమణ తర్వాత వివాహం చేసుకున్నవారు సైతం ఆ వివరం నమోదు చేయించాలి. పేరుతో పాటు భార్య పుట్టిన తేదీని కూడా ఇదే దరఖాస్తులో సరిచూసుకోవడం మేలు. కుటుంబ పింఛను పొందే స్త్రీకి 80 ఏళ్లు నిండగానే 20 శాతం అదనపు పింఛను లభిస్తుంది. 85 ఏళ్లకు 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు 100 శాతం. పుట్టిన తేదీ లేకపోతే ఈ పెరుగుదల ఆగిపోతుంది. వైకల్యం కారణంగా జీవితకాల పింఛనుకు అర్హులైన పిల్లలున్న ఇళ్లలో వారి పేరు విషయంలో మరింత శ్రద్ధ అవసరం.

దరఖాస్తు విధానం

దరఖాస్తు రికార్డు కార్యాలయం ముఖ్యాధికారి పేరిట ఉండాలి. ఆర్మీ నంబరు, హోదా, యూనిట్, పీపీఓ సంఖ్య పైన రాసి, ప్రస్తుతం ఉన్న పేరు, ఉండవలసిన పేరు రెండు వరుసలలో పెద్ద ఇంగ్లిషు అక్షరాలతో స్పష్టంగా చూపాలి. సాధారణంగా మొదటి తరగతి మేజిస్ట్రేటు ఎదుట చేసిన ప్రమాణపత్రం, డిశ్చార్జి పుస్తకం, పీపీఓ, ఆధార్, పాన్, పాఠశాల ధ్రువపత్రాల నకళ్లు అడుగుతారు. భార్య పేరయితే దంపతుల ఫొటో కూడా జతచేయడం మంచిది. ప్రాంతీయ సైనిక సంక్షేమ అధికారి ద్వారా పంపిన దరఖాస్తుకు విలువ ఎక్కువ. రంగారెడ్డి జిల్లా పరిధిలోని శేరిలింగంపల్లి వాసులు తమకు వర్తించే సైనిక సంక్షేమ కార్యాలయాన్నే ఆశ్రయించాలి.

ఒకటి రెండు అక్షరాల తేడాకు ‘ఇద్దరూ ఒకరే’ అన్న ధ్రువీకరణతో పని జరిగే సందర్భాలున్నాయి. పేరే పూర్తిగా మారినప్పుడు రెండు పత్రికలలో, అంటే ఒక ఇంగ్లిషు, ఒక తెలుగు దినపత్రికలో ప్రకటన ఇచ్చి, గెజిట్‌లో ప్రచురించవలసి రావచ్చు. రాష్ట్ర గెజిట్‌కు చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయాన్ని, భారత గెజిట్‌కు ఢిల్లీలోని ప్రచురణల శాఖను సంప్రదించాలి. ఏ గెజిట్ కావాలో రికార్డు కార్యాలయాన్ని ముందే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకుంటే రెండుసార్లు రుసుము కట్టే బాధ తప్పుతుంది.

దస్త్రంలో అసలేమి రాసి ఉందో తెలియనివారు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో షీట్ రోల్ నకలు కోరవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. పింఛను లేకుండా వైదొలగిన సైనికుల దస్త్రాలను 25 ఏళ్ల తర్వాత ధ్వంసం చేసే నిబంధన ఉంది. అటువంటి వారి చేతిలోని డిశ్చార్జి పుస్తకమే కొన్నిసార్లు మిగిలిన ఏకైక సాక్ష్యం. దానిని లామినేషన్ చేయించకుండా, స్కాన్ చేయించి భద్రపరచుకోవాలి.

దరఖాస్తును కార్యాలయం తిరస్కరిస్తే కారణాన్ని లిఖితపూర్వకంగా తీసుకోవాలి. సైనిక బలగాల ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే తుది ఉత్తర్వు వెలువడిన నాటి నుంచి ఆరు నెలల గడువు ఉంటుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు చెన్నై ప్రాంతీయ బెంచి పరిధిలోకి వస్తాయి.

సవరణ పీపీఓ చేతికందిన తర్వాత కూడా మూడు చోట్ల సరిచూసుకోవలసి ఉంటుంది. స్పర్శ్ ఖాతాలోని పేరు, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డులోని పేరు, బ్యాంకులోని ఉమ్మడి ఖాతా. వీటిలో దేనికది విడిగా మారుతుంది. నవంబరులో జీవన ధ్రువపత్రం సమర్పించేటప్పుడు ఆధార్‌తో పేరు సరిపోలిందో లేదో ఆ పూటే తెలుస్తుంది గనుక, సవరణ దరఖాస్తును వేసవిలోనే పంపడం అనుభవజ్ఞులైన మాజీ సైనికుల పద్ధతి.