గురామి చేపలలో ఆడ, మగ

1822వ సంవత్సరమున ఎడింబరో నగరమునుండి ఒక పెద్ద గ్రంథము వెలువడెను. గంగానదిలోను, దాని శాఖలలోను దొరకు చేపలను గూర్చిన ఆ గ్రంథమును రచించినవాడు ఫ్రాన్సిస్ హామిల్టన్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండి, 1807 మొదలు 1814 వరకు బెంగాలు ప్రాంతములను సర్వే చేసిన ఈయన, జాలరుల వలలలో పడిన చేపలను శ్రద్ధతో పరిశీలించి సుమారు 270 జాతులను ఈ గ్రంథమున వర్ణించెను. భారతదేశపు మంచినీటి చేపల శాస్త్రమునకు ఇది నేటికిని పునాదిరాయి వంటిది.

ఇంత జాగరూకుడైన పరిశీలకుడు ఒకచోట పొరపడెను. అంగుళము, రెండంగుళముల పొడవు గల చేపలను రెండింటిని చూచి, ఒకదానికి ట్రైకోపోడస్ చునా అనియు, మరియొకదానికి ట్రైకోపోడస్ సోటా అనియు పేర్లిడి, వేర్వేరు జాతులుగా వ్రాసెను. అవి రెండును ఒకే జాతి చేపలు. ఆడ మగల మధ్య గల రంగుల భేదమును ఆయన జాతిభేదముగా తలచెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఈ లోపమును దిద్ది, చునా అను పేరునే నిలిపిరి. ఇండ్లలో గాజుతొట్లయందు చేపలను పెంచువారు నేడు తేనె గురామి అని పిలుచుచున్నది ఈ చేపనే.

హామిల్టన్ చేసిన పొరపాటు ఆయనతో ముగియలేదు. గురామి చేపలను కొని తెచ్చి తొట్టిలో విడిచిన ఇండ్లలో అది నేటికిని జరుగుచునే యున్నది. ఆడ, మగ అని తలచి తెచ్చిన జంట రెండును మగవే యగుటయు, వారము తిరుగకముందే వానిలో ఒకటి రెక్కలు చినిగి మూలనక్కి ప్రాణము విడుచుటయు చాలమందికి అనుభవమే. కావున ఈ చేపలను మనుష్యుడు ఎట్లు తెలిసికొనుచు వచ్చెనో తెలిసికొనుట ఉపయోగకరము.

గాలి పీల్చు చేప

గురామి అను పేరు ఒక్క చేపది కాదు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశముల మంచినీటిలో నివసించు ఒక కుటుంబమునకు చెందిన పెక్కు చేపలది. వీనిలో చారల గురామి మన కృష్ణా డెల్టా నీళ్లలో కూడ కలదు. ఈ చేపల తలలో, మొప్పలకు పైభాగమున, మడతలు మడతలుగా నున్న ఒక అవయవము కలదు. దీనికి లాబిరింత్ అని పేరు. చిక్కుదారుల కట్టడమని ఆ మాటకు అర్థము. దీని ప్రయోజనమేమో తెలియుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లు పట్టినది.

18వ శతాబ్దిలో మారిషస్ దీవియందు పెద్ద గురామిని పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొమ్మెర్సన్, ఇది వాసన చూచుటకై యేర్పడినదని భావించెను. ఆ చేపకు గల ఆస్ఫ్రోనెమస్ అను శాస్త్రీయ నామములో వాసన అను అర్థము నేటికిని నిలిచియున్నది. పిమ్మట క్యూవియే, మొప్పలు ఎండిపోకుండ నీటిని నిలువచేయుటకే ఇది పనికివచ్చునని తలచెను. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మద్రాసులో వైద్యోద్యోగిగా నుండి, మన దేశపు చేపలను గూర్చి గొప్ప గ్రంథమును రచించిన ఫ్రాన్సిస్ డే, ఊహలతో తృప్తిపడక ప్రయోగము చేసెను. ఇట్టి చేపలను నీటి ఉపరితలమునకు రాకుండ అడ్డగించినచో, నీరు మంచిదైనను అవి ఊపిరాడక చనిపోవునని ఆయన చూపెను. చేప నీటిలో మునిగి చచ్చుననిన నవ్వు రావచ్చును. గురామి విషయమున అది సత్యము. కొరమీను కూడ ఇట్లే గాలి పీల్చునని మన జాలరులందరు ఎరుగుదురు.

ఎండకు కాగి, ఆకులలములు కుళ్లి, ఆమ్లజని తరిగిపోయిన కుంటలలోను, వరిపొలములలోను గురామి బ్రతుకగలుగుటకు ఈ అవయవమే కారణము. అంతేకాదు, దాని సంసారపు పద్ధతికి కూడ ఇదియే మూలము.

పారిస్ నగరపు తొట్టిలో

మరణించిన చేపను సీసాలో చూచినవారికి దాని సంసారము తెలియదు. బ్రతికియున్న చేపను గాజు వెనుక చూచుట ప్రారంభమైన పిమ్మటనే అది తెలియవచ్చెను. 1869లో చైనానుండి స్వర్గమత్స్యము అను గురామి బంధువు పారిస్ చేరెను. పియేర్ కార్బొన్యే అను మత్స్యపోషకుడు దానిని తొట్టిలో పెంచి, పిల్లలను చేయించి, చూచినది చూచినట్లు వ్రాసెను. మగచేప రంగులు దాల్చి, వాజములను నెమలి పింఛమువలె విప్పి ఆడదానియెదుట తిరుగునని ఆయన తెలిపెను. 1871లో డార్విన్ మానవుని పుట్టుకను గూర్చి వ్రాసిన గ్రంథమున, మగవాని అలంకారమునకు నిదర్శనముగా కార్బొన్యే మాటలను గ్రహించెను.

1875లో కార్బొన్యే మరల ఫ్రెంచి సైన్సు అకాడమీకి, భారతదేశపు ఇంద్రధనుస్సు చేప గూడు కట్టు విధమును నివేదించెను. ఇది మన గురామి కుటుంబపు చేపయే. మగచేప నీటిపైకి వచ్చి గాలి మ్రింగి, నోటి జిగురుతో కలిపి బుడగలుగా వదలును. ఆ బుడగలు చేరి నురుగుగూడగును. కొన్ని జాతులు నాచుపోగులను, ఆకుతునకలను తెచ్చి గూటిని గట్టిపరచును. పిమ్మట ఆడచేపను గూటి క్రిందికి పిలిచి, దేహమును వంచి దానిని చుట్టును. అప్పుడు వెలువడిన గ్రుడ్లు నూనె బిందువులు కలిగి తేలికగా నుండుటచే పైకి తేలును. చెదరినవానిని మగది నోటితో ఏరి గూటిలో నుంచును. ఆమ్లజని తక్కువైన నీటిలో గ్రుడ్లు గాలికి దగ్గరగా నుండుట ఎంత మేలో చెప్పనక్కరలేదు.

గ్రుడ్లు పెట్టుట ముగిసిన వెంటనే మగచేప స్వభావము మారును. అంతవరకు బ్రతిమాలిన ఆడదానినే అది తరిమి కొట్టును. కుంటలో ఆడచేప పారిపోవుటకు చోటు కలదు. తొట్టిలో లేదు. గురామిని ఇంట పెంచువారి చిక్కులన్నియు ఈ ఒక్క భేదమునుండియే పుట్టుచున్నవి.

ఆడ మగల గుర్తులు

1770లో పల్లాస్ వర్ణించిన మూడుచుక్కల గురామిలో పృష్ఠవాజమే ముఖ్యమైన గుర్తు. మగదాని వీపుపై వాజము పొడవై, చివర మొనదేలి వెనుకకు సాగియుండును. ఆడదానిది పొట్టిగా, గుండ్రముగా నుండును. ఈ చేప ఒంటిపై నున్న చుక్కలు రెండే; మూడవది కన్ను. 1852లో బ్లీకర్ వర్ణించిన ముత్యాల గురామిలోను వాజపు గుర్తు ఇట్టిదే. ఈడువచ్చిన మగదానికి గొంతు, రొమ్ము నారింజ ఎరుపు దాల్చును.

హామిల్టన్ 1822లోనే వర్ణించిన మరుగుజ్జు గురామిలో భేదము మిక్కిలి స్పష్టము. మగది నీలి, ఎరుపు ఏటవాలు చారలతో మెరయును. ఆడది వెండివలె పాలిపోయి యుండును. తేనె గురామి మగది జతకట్టు కాలమున తేనెరంగు పొంది, ముఖము, పొట్ట నల్లబారును. ఆడదానికి ప్రక్కల వెంట ఒక గోధుమవన్నె చార కలదు.

అయితే రంగును మాత్రమే నమ్మరాదు. బెదరిన మగచేప రంగు వెలిసిపోయి ఆడదానివలె కనిపించును. అంగడి తొట్టిలో, కొత్త నీటిలో, బలమైన మగదాని భయమున ఇట్లగుట సర్వసాధారణము. లేతవయస్సు పిల్లలలో భేదమే తెలియదు. కావున వాజపు ఆకారము, పొట్ట నిండుదనము, నడవడి, ఈ మూటిని కలిపి చూచి, కొన్ని దినములు గమనించి నిర్ణయించుట మంచిది.

కలిపి పెంచు విధము

చిన్న తొట్టిలో ఒకే జాతి మగచేపలను రెండింటిని ఉంచరాదు. ఒక మగదానికి రెండు, మూడు ఆడచేపలున్నచో దాని తాకిడి ఒక్కదానిపైనే పడదు. మరుగుజ్జు గురామికి, తేనె గురామికి రెండడుగుల పొడవు గల తొట్టి చాలును. అంగుళములలో నాలుగైదు పెరుగు జాతులకు మూడడుగులకు తక్కువ పనికిరాదు. నీటిమొక్కలను గుబురుగా నాటవలెను. కొన్ని ఉపరితలమున తేలుచుండవలెను. అవి గూటికి ఆధారము, ఆడదానికి మరుగు. నీటి ఉష్ణోగ్రత 24 మొదలు 28 సెంటిగ్రేడు డిగ్రీల వరకు ఉండవచ్చును. తొట్టికి మూత అవసరము. పైగాలి చల్లనైనచో దానిని పీల్చు చేపకు, అందును పిల్లలకు, హాని కలుగును. మూతకును నీటికిని నడుమ గాలికి చోటుండవలెను.

గూటిలో గ్రుడ్లు కనిపించిన దినముననే ఆడచేపను వేరుచేయవలెను. ఒకటి, రెండు దినములలో గ్రుడ్లు పొదిగి, మరి రెండు మూడు దినములకు పిల్లలు ఈదసాగును. అంతవరకు తండ్రియే కావలి. పిమ్మట తండ్రిని కూడ తీసివేయనిచో, కాచిన నోరే పిల్లలను మ్రింగవచ్చును.

కొత్తగా తెలిసిన సంగతి

మరుగుజ్జు గురామిని వేల సంఖ్యలో పెంచి దేశదేశములకు పంపుట వ్యాపారమైన పిమ్మట, దానితోపాటు ఒక వైరస్ కూడ ప్రయాణము సాగించినది. 2003లో ఆస్ట్రేలియా దేశపు విక్టోరియా రాష్ట్రమున ముర్రే కాడ్ అను నదీమత్స్యములు పెంపకశాలలో తెగులుతో చనిపోగా, ఆ వైరస్ గురామిలోని దానితో దాదాపు ఏకరూపమని 2006లో ప్రకటించిన పరిశోధన తేల్చెను. దీనికి మందు లేదు. కావున కొత్త చేపను కొన్ని వారములు వేరు తొట్టిలో నుంచి చూచుటయు, పెంచి విసిగిన చేపను చెరువులో గాని, కాలువలో గాని విడువకుండుటయు ప్రతివారి విధి.

హామిల్టన్ ముందు ఉన్నవి నీటినుండి తీసిన చేపలు. నేడు ఏ బాలుడైనను తొట్టియెదుట అరగంట కూర్చున్నచో, ఏది గూడు కట్టుచున్నదో, ఏది మరుగున దాగుచున్నదో కన్నులార చూడగలడు. అట్లు చూచినవాడు తెల్లవారకమునుపే చేయవలసిన పని ఒకటి కలదు: దాగినదానికి మరికొన్ని మొక్కలో, మరియొక తొట్టియో ఏర్పాటు చేయుట.