హెడ్‌లైటు రింగులు: నెల్లూరు తీరంలో ఇంటి బిగింపు

హెడ్‌లైటు రింగు అంటే కారు ముందు దీపం లోపల, రిఫ్లెక్టరు చుట్టూ గానీ ప్రొజెక్టరు లెన్సు చుట్టూ గానీ వలయంగా వెలిగే చిన్న దీపం. అంగళ్లలో దీన్ని ఏంజెల్ ఐస్ అనీ, హేలో రింగు అనీ, ఉత్తినే రింగు లైటు అనీ అడుగుతారు. కంపెనీ నుంచి కారుతో పాటే వచ్చేవి ఒక రకం, బండి కొన్నాక విడిగా తెచ్చి బిగించుకునేవి ఇంకో రకం. ఇక్కడ చెప్పుకునేది రెండో రకాన్ని గురించి, ముఖ్యంగా నెల్లూరు తీరంలాంటి ఉప్పుగాలి నేలలో ఇంటి దగ్గర చేసే బిగింపును గురించి. రింగు పని దారి చూపడం కాదు, బండి ఉనికిని ఎదుటివారికి తెలపడం. అది కొద్ది వాట్ల కరెంటుతో వెలుగుతుంది. కానీ దాన్ని అమర్చాలంటే ఫ్యాక్టరీలో నీరు చొరకుండా మూసిన హెడ్‌లైటును విప్పక తప్పదు. తీరప్రాంతంలో రింగు ఎన్నాళ్లు పనిచేస్తుందనేది దాని నాణ్యత కంటే, విప్పిన దీపాన్ని తిరిగి ఎంత బాగా మూశారన్న దానిమీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

పుట్టుక

ఈ వలయాలను కారుకు గుర్తుగా మార్చిన కంపెనీ బీఎండబ్ల్యూ. మెరుగులు దిద్దిన ఈ-39 తరం 5 సిరీస్ కార్లలో హెల్లా సంస్థ దీపాలతో అవి మొదట కనిపించాయి. ఆ కంపెనీ వాటిని కరోనా రింగులు అంది. ఆరంభ సంవత్సరాన్ని కొందరు 2000 అని, కొందరు 2001 అని రాస్తారు. ఆ కార్లు 2000 చివరి నెలల్లో 2001 మోడల్ పేరుతో వచ్చాయి కనుక రెండు లెక్కలకూ ఆధారం ఉంది. మోడల్ ఏడాదిని పక్కనపెట్టి బండి రోడ్డెక్కిన కాలాన్ని చూస్తే 2000 అనడమే సబబు. ఆ తొలి వలయాల్లో ఎల్‌ఈడీలు లేవు. ఒక చిన్న హాలోజన్ బల్బు వెలుగును పారదర్శకమైన గొట్టాల గుండా వలయమంతటికీ పంపేవారు. పసుపు ఛాయ కలిగిన ఆ మందమైన వెలుగు తర్వాతి మోడళ్లలో తెల్లని ఎల్‌ఈడీ వెలుగుగా మారింది. అమెరికాలో 2010 మోడల్ షెవ్రొలే కమారో ఆర్‌ఎస్‌కు కూడా ఇటువంటి వలయాలే వచ్చాయి.

ఎల్‌ఈడీ కథ అంతకు ముందుది. జపాన్‌కు చెందిన నిచియా సంస్థలో షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని సాధించారు. దాని మీద పసుపు ఫాస్ఫరు పూయడంతో 1996 నాటికి తెల్లని ఎల్‌ఈడీ అంగట్లోకి వచ్చింది. 2004లో ఆడి ఏ8 డబ్ల్యూ12 కారులో ఎల్‌ఈడీ పగటి దీపాలు వెలిగాయి. కొత్త మోడల్ కార్లకు పగటి దీపాలు ఉండి తీరాలని ఐరోపా సమాఖ్య పెట్టిన నియమం 2011 ఫిబ్రవరి 7 నుంచి అమలైంది. ఇలా ఖరీదైన కార్ల అలంకారంగా మొదలైనది మామూలు కార్లవారికీ కావలసిన వస్తువైంది.

నెల్లూరు ప్రాంతానికి ఈ మోజు ఎక్కువగా చెన్నై దారినే చేరిందని చెబుతారు. ఇది నమ్మదగిన మాటే. 16వ నంబరు జాతీయ రహదారి మీద నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. మౌంట్ రోడ్డును ఆనుకుని ఉన్న జనరల్ ప్యాటర్స్ రోడ్డు కారు అలంకరణ సామాన్ల అంగళ్లకు పేరుపడింది, పుదుప్పేట పాత బండ్ల విడిభాగాలకు పేరుపడింది. బీఎండబ్ల్యూ భారతదేశంలో కార్ల కూర్పు మొదలుపెట్టింది కూడా 2007 మార్చిలో, చెన్నై శివార్లలోనే. ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగాక మాత్రం సరుకు నేరుగా ఇంటికే వస్తోంది, బిగింపు కోసమే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తున్నారు, లేదా ఇంట్లోనే పని కానిస్తున్నారు.

రకాలు

తొలి రోజుల్లో విడిగా దొరికిన రింగులు సన్నని గాజు గొట్టాలు. కోల్డ్ కాథోడ్ ఫ్లోరసెంట్ దీపాలనే ఇవి కొన్ని వందల వోల్టులు ఇచ్చే ఇన్వర్టరుతో వెలిగేవి. వెలుగు సమంగా ఉన్నా కుదుపులకు గొట్టం పగిలేది, తేమకు ఇన్వర్టరు పోయేది. వాటి చోటును ఎల్‌ఈడీలు తీసుకున్నాయి. వలయాకారపు సర్క్యూటు పలక మీద విడివిడి చిప్పులు అతికినవి ఎస్‌ఎండీ రింగులు. 3528, 5050 అనే అంకెలు చిప్పు కొలతలు: 3.5×2.8 మి.మీ., 5×5 మి.మీ. చిప్పులను పక్కపక్కనే పేర్చి పైన ఒకే ఫాస్ఫరు పూత పూసినవి సీఓబీ రింగులు. పాలరంగు తొడుగు ఉన్నవాటిని కాటన్ రింగులంటారు. వీటిలో చుక్కలు చుక్కలుగా కాక వలయమంతా ఒకే తీరున వెలుగుతుంది, ఎదుటివారి కంటికీ తక్కువ గుచ్చుకుంటుంది. ఊరి రోడ్లకు ఇవే మేలు. సైజులు 60 నుంచి 120 మి.మీ. వరకు సాధారణం. రిఫ్లెక్టరు నోటి వ్యాసం కొలవకుండా కొంటే రింగు కూర్చోదు.

మహీంద్రా థార్ వంటి 7 అంగుళాల గుండ్రని దీపాలున్న బండ్లకు రింగుతో కలిసిన దీపాలే పూర్తిగా దొరుకుతాయి. వాటికి విప్పుడు బాధ లేదు. అయితే అమెరికా రోడ్ల కోసం చేసినవి కుడివైపు నడిచే బండ్లకు సరిపోయేలా ఉంటాయి. వాటి డిమ్ము వెలుగు కుడివైపు పైకి లేస్తుంది. మన రోడ్ల మీద అది ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్లలో పడుతుంది.

చవక రింగులు త్వరగా మాడిపోవడానికి కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. తెల్లని ఎల్‌ఈడీ ఒక్కొక్కటీ సుమారు 3.1 వోల్టులు తీసుకుంటుంది. మూడింటిని వరుసగా కలిపితే 9.3. బ్యాటరీ 12 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు మిగిలిన 2.7 వోల్టులను రెసిస్టరు మోస్తుంది. ఇంజను తిరుగుతూ ఆల్టర్నేటరు 14.4 వోల్టులు ఇస్తే రెసిస్టరు మీద 5.1 పడుతుంది, అంటే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. మూసిన దీపంలో 60/55 వాట్ల హెచ్4 బల్బు వేడి దీనికి తోడు. అందుకే రెసిస్టరు మాత్రమే ఉన్న రింగు కన్నా, కరెంటును నిలకడగా ఉంచే డ్రైవరు డబ్బా ఉన్న రింగును ఎంచుకోవాలి.

ఇంటి బిగింపు

ముందుగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీస్తారు. చాలా కార్లలో ముందు బంపరు విప్పితే గానీ హెడ్‌లైటు బయటికి రాదు. బల్బులు, హోల్డర్లు, రబ్బరు మూతలు తీశాక అద్దం అంచున ఉన్న బంకను పరీక్షించాలి. తారులా సాగితే అది బ్యూటైల్, వేడికి మెత్తబడుతుంది. గట్టిగా, సాగకుండా ఉంటే అది వేరే జాతి బంక, తీయడం చాలా కష్టం. అద్దాన్ని ప్లాస్టిక్ వెల్డింగుతో అతికించిన దీపాలూ ఉన్నాయి. వాటిని కోయడం తప్ప దారి లేదు కనుక ఇంటి పనికి పనికిరావు.

బ్యూటైల్ బంకకు 100–110 డిగ్రీల సెల్సియస్ వేడి ఏడెనిమిది నిమిషాలు చాలు. అద్దమని పిలిచేది నిజానికి పాలికార్బొనేటు. అది 147 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. వెనకడబ్బా అంతకన్నా ముందే వంగవచ్చు. 120 దాటకపోవడం క్షేమం. హెడ్‌లైటు పట్టేంత ఓవెన్ ఇళ్లలో అరుదు, ఉన్నా వంటకు వాడేదానిలో ఈ పని చేయకూడదు. అట్టపెట్టెలో దీపాన్ని ఉంచి హీట్ గన్‌తో వేడిగాలి పంపే పద్ధతి ఉంది. అట్ట అంటుకునే ప్రమాదం ఉన్నందున దగ్గరే ఉండి చూసుకోవాలి. అంచు వెంబడి నేరుగా గాలి కొట్టేవారు గన్‌ను ఒక్కచోట నిలపకూడదు, దాని మూతి దగ్గర వేడి 500 డిగ్రీలు దాటుతుంది. నడి వేసవి ఎండకు బంక కొంత మెత్తబడినా ఊడేంతగా సాగదు. క్లిప్పులు తీసి, ఒక మూల నుంచి వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా లేపాలి.

లోపలి రిఫ్లెక్టరు మీద ఉండే అల్యూమినియం పూత మైక్రాను కన్నా పలచన. వేలు తగిలితే ముద్ర మిగులుతుంది, గుడ్డతో తుడిస్తే పూతే పోతుంది. థిన్నరు, పెట్రోలు తగిలితే పాలికార్బొనేటుకు సన్నని పగుళ్లు వస్తాయి. రింగును బెజెల్ అనే ముందు చట్రానికి అతికించాలి, రిఫ్లెక్టరుకు కాదు. ఎక్కువ దీపాలు చెడేది ఈ అతుకు దగ్గరే. ఫెవిక్విక్ లాంటి బంకల ఆవిరి మూసిన దీపంలో అద్దానికి తెల్లటి పొరగా పడుతుంది, మళ్లీ విప్పితే తప్ప అది పోదు. గ్లూ గన్ జిగురు బల్బు వేడికి కరిగి రింగు జారుతుంది. రెండు ట్యూబుల ఎపాక్సీతో మూడు నాలుగు చోట్ల అతికించి, పూర్తిగా గట్టిపడ్డాక మూయడం సరైన పద్ధతి.

రింగు తీగలను వెనక రబ్బరు మూత కింది భాగం నుంచి బయటికి తీసి, నీరు తీగ వెంట లోపలికి పాకకుండా ఒక వంపు కిందికి ఇవ్వాలి. కనెక్షను సాధారణంగా పార్కింగ్ లైటు నుంచి ఇస్తారు. తాళం తిప్పగానే వెలగాలనుకుంటే ఫ్యూజు పెట్టె నుంచి, విడిగా 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజుతో ఇస్తారు. దీపాల కరెంటును కంప్యూటరు నడిపే కొత్త కార్లలో పార్కింగ్ తీగకు తగిలిస్తే రింగు రెపరెపలాడవచ్చు. ప్లస్, మైనస్ తారుమారైతే ఎల్‌ఈడీ వెలగదు. అద్దం మూయకముందే అరగంట వెలిగించి చూడడం మంచిది.

ఉప్పుగాలి

మైపాడు, కోడూరు తీరాల్లోనూ, కృష్ణపట్నం రేవు దారిలోనూ, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల కట్టల మీదా తిరిగే బండ్లకు గాలిలో ఉప్పు, తేమ రెండూ తగులుతుంటాయి. జిల్లా వానలో పెద్ద పాలు ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వెలిగిన హెడ్‌లైటులో గాలి వేడెక్కి వ్యాకోచించి, డబ్బాకు ఉండే శ్వాస రంధ్రం గుండా బయటికి పోతుంది. వాన తగిలి చల్లబడగానే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. బంక అతుకులో వెంట్రుకంత సందున్నా ఆ పీల్పుకు నీరే వచ్చేస్తుంది. మంచినీటి తేమైతే ఎండకు ఆరిపోతుంది. ఉప్పు నీరు ఆరినా ఉప్పు మిగులుతుంది. అది మళ్లీ గాలిలోని తేమను లాగి సర్క్యూటు పలక మీద సన్నని తడిపొరలా నిలుస్తుంది. రాగి గీతలకు పచ్చని చిలుము పడుతుంది, రిఫ్లెక్టరు అంచుల నుంచి మచ్చలు మొదలవుతాయి. రింగులో ఒక భాగమే వెలగకుండా పోతే చాలాసార్లు ఎల్‌ఈడీ చెడలేదని, మూడేసి చిప్పుల వరుసలో ఒక టంకం అతుకును ఉప్పు తినేసిందని అర్థం.

అందుకే ఇక్కడి పనిలో కొన్ని జాగ్రత్తలు అదనం. పాత బంక మీదే మూయకుండా గాడిని శుభ్రం చేసి కొత్త బ్యూటైల్ తాడు వేయాలి. సిలికాన్ వాడేవారు వెనిగర్ వాసన వచ్చే రకాన్ని వదిలేయాలి. అది గట్టిపడేటప్పుడు వెలువడే ఎసిటిక్ ఆమ్లం రాగినీ రిఫ్లెక్టరు పూతనూ తింటుంది. వాసన లేని న్యూట్రల్ రకం అడిగి తీసుకోవాలి. తీగ అతుకులను మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే ఉప్పుగాలికి నిలవవు. టంకం పెట్టి, లోపల జిగురున్న స్లీవును వేడిచేసి బిగించాలి. సర్క్యూటు పలక వెనకవైపు వార్నిష్ పూత వేసి, డ్రైవరు డబ్బాను బంపరు కింద కాక పైభాగంలో కట్టాలి. శ్వాస రంధ్రాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు. తేమ రాకూడదని దాన్ని మూసేవారున్నారు. అప్పుడు లోపలి ఒత్తిడి అతుకునే నెట్టి కొత్త సందు చేసుకుంటుంది.

వెలుగు, చట్టం

దీపం తిరిగి బిగించాక దాని వాలు సరిచూడాలి. సమతలంలో గోడకు 10 మీటర్ల దూరాన బండి నిలిపి డిమ్ము వేస్తే, వెలుగు పై అంచు దీపం మధ్య ఎత్తు కంటే 10–15 సెం.మీ. కింద పడాలి. ఐరోపా నిబంధన చెప్పే 1 నుంచి 1.5 శాతం వాలు ఇదే. ఇరుకు తారురోడ్ల మీద రాత్రిళ్లు సైకిళ్ల మీద, నడిచి వచ్చేవారికి ఈ కొద్ది సెంటీమీటర్లే ప్రాణాధారం. రింగు వెలుగుతో వచ్చే ఇబ్బంది తక్కువే. కానీ పార్కింగ్ దీపంగా వాడే రింగు పగటి దీపమంత ప్రకాశిస్తే రాత్రి అది కూడా కంటికి కొడుతుంది. ఐరోపా లెక్కల్లో పగటి దీపం 400 నుంచి 1,200 క్యాండెలాలు ఉండవచ్చు, హెడ్‌లైటు వేయగానే అది ఆరిపోవాలి లేదా తగ్గాలి.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది డిమ్ము వెలుగు గురించి చెబుతుంది. దీపానికి 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటిని అది మిరుమిట్లు గొలపరాదు. 108వ నిబంధన ప్రకారం ముందువైపు ఎర్రని వెలుగు చూపరాదు, కనుక రంగులు మారే రింగులు ఆ మేరకు నేరుగా నిషిద్ధమే. తెల్ల రింగుల విషయంలో అభిప్రాయభేదం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో చెప్పింది. ఆ తీర్పు బండి మౌలిక నిర్మాణానికే వర్తిస్తుందని కొందరు వాదిస్తారు. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షను నాలుగో ఉపవిభాగం మాత్రం విడిభాగాలను తర్వాత అమర్చడాన్నీ పేరుపెట్టి చేర్చి, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది. ఈ మాటలు చూస్తే తెల్ల రింగులు కూడా నిషేధం కిందికే వస్తాయన్న వ్యాఖ్యానమే బలంగా ఉంది.

ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పరీక్షలో హెడ్‌లైటు వాలునూ, పగుళ్లనూ, లోపలి తేమనూ చూస్తారు. వారంటీలో ఉన్న కారు తీగలు కోస్తే విద్యుత్ భాగాల వారంటీ పోవచ్చు, అందువల్ల కంపెనీ తీగకు కోత పెట్టకుండా ప్లగ్గు ద్వారా కలిపే అడాప్టర్లు వాడతారు. బీమాలో ఈ అమరికను అదనపు విద్యుత్ సామగ్రిగా ముందే రాయించుకోవాలి. రాయించకపోతే ప్రమాదంలో హెడ్‌లైటు పగిలినప్పుడు రింగు ఖరీదు రాదు. తీగల వల్ల మంట పుట్టిన సందర్భంలో క్లెయిముకే చిక్కు రావచ్చు.