పరిమిత వ్యయంలో జట్టు కూర్పు: ఉత్తర తెలంగాణ ‘ఉద్ది’ నుండి తెలుగు టైటాన్స్ వేలం వరకు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆటలో ఇరుపక్షాల బలం సమానంగా ఉండాలన్న ఆలోచన వేర్వేరు సమాజాల్లో వేర్వేరు పద్ధతులకు దారితీసింది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పల్లెల్లో చెడుగుడు ఆడే పిల్లలు ‘ఉద్దులు’గా విడిపోయి జట్లను పంచుకుంటారు. అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు గతకాలపు ఆటగాళ్లకు ధరలు కట్టి, ఖర్చుకు పరిమితి విధించుకొని ఊహాజట్లను కూర్చారు. ప్రొ కబడ్డీ లీగ్ అదే పరిమితిని నిజమైన వేలంలోకి తెచ్చింది. ఈ మూడు పద్ధతులను పోల్చి, తెలుగు టైటాన్స్ జట్టు చరిత్ర ఆధారంగా వ్యయపరిమితి ఏ సమానత్వాన్ని ఇస్తుందో, దేన్ని ఇవ్వలేదో నిర్ధారించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: చెడుగుడు, ఉద్ది, వ్యయపరిమితి, వేలం, తెలుగు టైటాన్స్, కరీంనగర్, ఆదిలాబాద్.

1. ప్రవేశిక:
జట్టును ఎంపిక చేయడం, జట్టును కూర్చడం రెండూ ఒకటి కావు. ఎంపికలో ‘ఎవరు గొప్ప?’ అన్న ఒక్క ప్రశ్నే ఉంటుంది. ఖర్చుకు హద్దు ఉన్నప్పుడు ‘ఈ ధరకు ఎవరు గొప్ప? ఇతనికి ఇంత ఇస్తే మిగిలినవారికి ఎంత మిగులుతుంది?’ అన్న ప్రశ్నలు తోడవుతాయి. కూర్పు అంటే ఈ మూడింటికీ ఒకేసారి సమాధానం వెతకడం.

పరిశీలనకు తీసుకున్న ప్రాంతం పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్విభజనతో కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, ఆదిలాబాద్ నుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. గోదావరికి ఇరువైపులా విస్తరించిన ఈ వ్యవసాయ, బొగ్గుగని ప్రాంతంలో చెడుగుడుకు ఖర్చుతో పని లేదు. మెత్తని నేల, గీత గీయడానికి చిటికెడు సున్నం లేదా బూడిద, ఇరువైపులా సరిపడా మనుషులు ఉంటే చాలు.

2. ‘ఉద్ది’ – బలాన్ని సమం చేసే పద్ధతి:
తెలుగు పల్లెల్లో జట్లను పంచుకునే పాత పద్ధతి అందరికీ పరిచితమే. ముందుగా ఇద్దరు నాయకులు నిలబడతారు. మిగిలినవారు తమకు సమానమైన వారిని చూసుకొని జంటలుగా ఏర్పడతారు. ప్రతి జంటా పక్కకు వెళ్లి, ఒకరు సూర్యుడనీ మరొకరు చంద్రుడనీ రహస్యంగా పేర్లు పెట్టుకొని వస్తుంది. ఏ పేరు ఎవరిదో తెలియకుండానే నాయకుడు ఒక పేరు కోరుకుంటాడు. ఆ పేరుగలవాడు అతని పక్షాన, రెండోవాడు ఎదుటి పక్షాన చేరతారు.

‘ఉద్ది’ అన్న మాటకు ఆటలో జతకాడు, సమానుడు అన్న అర్థాలున్నాయి. ‘సరైన ఉజ్జీ’ అన్న వాడుకలోని ‘ఉజ్జీ’కి కూడా ఇదే భావం. జతను, సమానతను ఒకే మాటతో చెప్పడం గమనార్హం. ఇక్కడ సమానత్వాన్ని నిర్ణయించేది నాయకుడు కాదు, ఆడబోయేవారే. బలవంతుడు బలహీనుణ్ణి వెంటబెట్టుకొని వస్తే తోటివారు ఒప్పుకోరు. రహస్యనామం వల్ల నాయకుడి పక్షపాతానికి తావుండదు. జంట దొరకని చిన్నవాడిని సైతం వెళ్లగొట్టరు. ‘ఆటలో అరటిపండు’గా ఉంచుకుంటారు. అతడు ఆటలో ఉంటాడు, లెక్కలో ఉండడు.

ఈ పద్ధతిలో ధర లేదు. ఆటగాడి బలాన్ని మరో ఆటగాడి బలంతోనే నేరుగా తూచడం దీని లక్షణం.

3. గతానికి ధర కట్టిన ఆట:
రోజూ కలిసి ఆడేవారు ఒకరి బలం ఒకరికి తెలిసి జంటలు కట్టగలరు. ఎన్నడూ కలిసి ఆడనివారిని, వేర్వేరు కాలాలవారిని తూచాలంటే మరో కొలమానం కావాలి. బేస్‌బాల్ అభిమానులకు ఎదురైన సమస్య ఇదే. ఆ ఆటలో ఆటగాళ్ల ప్రదర్శనను వివరంగా నమోదు చేసే సంప్రదాయం ఉండడం వల్ల గణాంకాలను పాచికలతో, కార్డులతో మళ్లీ ఆడించడం సాధ్యమైంది. ఈతన్ అలెన్ 1941లో ‘ఆల్ స్టార్ బేస్‌బాల్’ను, హాల్ రిచ్‌మన్ 1961లో ‘స్ట్రాట్-ఓ-మాటిక్’ను తెచ్చారు. 1980లో డేనియల్ ఓక్రెంట్, అతని మిత్రులు న్యూయార్క్‌లో ప్రారంభించిన ‘రోటిసరీ’ లీగ్ వేలాన్ని, వ్యయపరిమితిని ఊహాజట్ల ప్రపంచానికి పరిచయం చేసింది. ఒక్కో జట్టుకు 260 డాలర్లు అన్న లెక్క ఆ సంప్రదాయంలో స్థిరపడింది.

ఈ రెండు ధారల కలయికే వ్యయపరిమితి గల చారిత్రక అనుకరణ లీగ్. ఇందులో ఒక ఆటగాడికి ఒకే ధర ఉండదు. అతడు ఆడిన ప్రతి సీజనూ ఒక ప్రత్యేకమైన వస్తువు. గొప్ప సీజన్‌కు ఎక్కువ ధర, అదే ఆటగాడి మామూలు సీజన్‌కు తక్కువ ధర. పరిమితి ఉన్నందువల్ల గొప్ప పేర్లన్నిటినీ ఒకచోట చేర్చడం కుదరదు. ఒక మహా ఆటగాణ్ణి తీసుకున్నవాడు, ఎవరూ గుర్తుంచుకోని నమ్మకమైన ఆటగాళ్లను నాలుగైదు చోట్ల వెతికి పట్టుకోవాలి. ఈ ఆటలో నైపుణ్యం బయటపడేది ఆ వెతుకులాటలోనే.

చారిత్రక లీగ్‌కు, నిజమైన వేలానికి మధ్య ఒక మౌలికమైన తేడా ఉంది. చారిత్రక లీగ్‌లో ఫలితం తెలిసిన తరువాత ధర కడతారు. నిజమైన వేలంలో గతాన్ని చూసి భవిష్యత్తును కొంటారు. గాయం, వయసు, కొత్త సహచరులతో పొంతన అన్నవి మొదటిదానిలో లెక్కకు వచ్చేసి ఉంటాయి. రెండవదానిలో అవి వేలం ముగిసిన తరువాతే బయటపడతాయి.

4. తెలుగు జట్ల అనుభవం:
తెలుగునాట ఈ పద్ధతి తొలి పరీక్ష 2008లో జరిగింది. ఐపీఎల్ తొలి వేలంలో జట్టు వ్యయపరిమితి 50 లక్షల డాలర్లు. హైదరాబాద్‌కు చెందిన డెక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు వెచ్చించింది. అంటే పరిమితిలో నాలుగో వంతుకు పైమాటే. గిల్‌క్రిస్ట్, లక్ష్మణ్, గిబ్స్, ఆఫ్రిది, రోహిత్ శర్మ వంటివారున్న ఆ జట్టు 14 మ్యాచుల్లో 2 మాత్రమే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది ప్రధాన ఆటగాళ్లలో అనేకులతోనే గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో విజేత అయింది. ఒక్క సీజన్ ఫలితంతో కూర్పును తీర్పు చెప్పకూడదని ఈ ఉదాహరణ హెచ్చరిస్తుంది.

కబడ్డీలో అంతకంటే సుదీర్ఘమైన ఆధారం లభిస్తుంది. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ ప్రారంభమైనప్పుడు అత్యధిక ధర రాకేశ్ కుమార్‌కు పట్నా పైరేట్స్ ఇచ్చిన 12.80 లక్షలు. తెలుగు టైటాన్స్ 2015లో మూడవ, 2016లో నాలుగవ స్థానంలో నిలిచింది. ధరలు కోటి దాటిన తరువాతి కాలంలో ఆ జట్టు గమనం ఇలా ఉంది:

• 7వ సీజన్ (2019): సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు. 4.40 కోట్ల పరిమితిలో దాదాపు 33 శాతం. జట్టుకు 11వ స్థానం.
• 8వ సీజన్ (2021-22): అదే ఆటగాడికి 1.30 కోట్లు. అతడు ఆరంభంలోనే గాయపడ్డాడు. 22 మ్యాచుల్లో ఒకే విజయం.
• 9వ సీజన్ (2022): కోటి దాటిన ఆటగాడు ఒక్కడూ లేడు. అనుభవజ్ఞులను కొనుగోలు చేశారు. 2 విజయాలు.
• 10వ సీజన్ (2023-24): పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్లు. 5 కోట్ల పరిమితిలో 52 శాతం. 2 విజయాలు, చివరి స్థానం.
• 11వ సీజన్ (2024): అదే పవన్‌కు 1.725 కోట్లు. 34.5 శాతం. 12 విజయాలు, 7వ స్థానం.
• 12వ సీజన్ (2025): అత్యధిక ధర భరత్ హుడాకు 81 లక్షలు. 16 శాతం. రెండవ క్వాలిఫయర్ వరకు ప్రయాణం.

ఈ పట్టికను పైపైన చూస్తే ‘ఒక్కరిపై ఎక్కువ ఖర్చు పెడితే ఓటమి’ అన్న సూత్రం తోస్తుంది. అయితే 9వ సీజన్ ఆ సూత్రానికి అడ్డు నిలుస్తుంది. తారలు లేకపోయినా జట్టు గెలవలేదు. మరింత బలమైన ప్రతివాదం 10వ సీజన్ విజేత నుండే వస్తుంది. ఆ ఏడు పుణేరి పల్టన్ మొహమ్మద్ రెజా షాద్లుయికి 2.35 కోట్లు, అంటే పరిమితిలో 47 శాతం ఇచ్చింది. 2024 మార్చి 1న హైదరాబాద్‌లో హరియాణా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి కప్పు గెలిచింది.

రెండు జట్లకూ కనీసం 18 మంది ఆటగాళ్లు అవసరం. ప్రధాన తారను మినహాయిస్తే మిగిలిన 17 మందికి తెలుగు టైటాన్స్ వద్ద సగటున 14.1 లక్షలు, పుణేరి వద్ద 15.6 లక్షలు మిగిలాయి. మనిషికి లక్షన్నర తేడా ప్రథమ స్థానానికీ చివరి స్థానానికీ మధ్య ఉన్న దూరాన్ని వివరించలేదు. అసలు తేడా ఆ 17 మంది ఎవరన్న దానిలో ఉంది. పుణేరి నాయకుడు అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ ఇద్దరూ 8వ సీజన్‌లో అదే జట్టు ద్వారా అరంగేట్రం చేసిన యువకులు. 9వ సీజన్‌లో ఆ జట్టు ఫైనల్ ఆడింది. కలిసి ఎదిగిన ఆ బృందం మార్కెట్ ధరకంటే ఎక్కువ ఆటను అందించింది. ఆ మిగులే షాద్లుయికి ఇచ్చిన ధరను మోయగలిగింది. తెలుగు టైటాన్స్‌లో తార ఉన్నాడు, అతని బరువు మోసే పునాది లేదు.

12వ సీజన్ ఈ నిర్ధారణను రెండు వైపుల నుండి బలపరుస్తుంది. తెలుగు టైటాన్స్, ముందటి సీజన్‌లో రాణించిన విజయ్ మాలిక్‌ను వేలంలో పలికిన 51.5 లక్షలకే తిరిగి దక్కించుకొని నాయకుణ్ణి చేసింది. అదే ఏడు గుజరాత్ జెయింట్స్ షాద్లుయికి 2.23 కోట్లు ఇచ్చినా ప్లేఆఫ్ దశకు చేరలేదు. ఒక జట్టులో కప్పు అందించిన ఆటగాడు, పునాది వేరైన మరో జట్టులో ఆ ఫలితాన్ని ఇవ్వలేకపోయాడు. పవన్ ఉదాహరణ కూడా ఇటువంటిదే. 2019లో 346 రెయిడ్ పాయింట్లు సాధించిన అతడు, 2022లో 2.26 కోట్లకు తమిళ్ తలైవాస్‌కు వెళ్లి మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. చారిత్రక లీగ్‌లో ఈ రెండు సీజన్లకు రెండు ధరలు కడతారు. వేలంలో ఆ అవకాశం లేదు.

5. పల్లె ఆటగాడి స్థానం:
వ్యయపరిమితి ఇచ్చేది డబ్బు సంచుల సమానత్వం. ఉద్ది ఇచ్చేది బలాల సమానత్వం. మొదటిదానిని రెండవదానిగా పొరబడటం వల్లనే తార వెంట పరుగు మొదలవుతుంది. పరిమితి సమానమైనప్పుడు జట్ల మధ్య తేడాను సృష్టించేది చవకగా దొరికిన నాణ్యత మాత్రమే. అటువంటి నాణ్యత వేలంశాలలో అరుదు. పేరు పైకి రాగానే ధర పెరుగుతుంది కనుక, అది పేరు రాకముందే, ఆట జరిగే నేలమీదనే దొరుకుతుంది.

కరీంనగర్, ఆదిలాబాద్ యువకులకు ఈ చర్చ ప్రాధాన్యం ఇక్కడే ఉంది. పైన పేర్కొన్న తెలుగు టైటాన్స్ ప్రధాన ఆటగాళ్లు మహారాష్ట్ర, ఢిల్లీ, హరియాణాలకు చెందినవారు. ఆ ప్రాంతాల నుండి ఆటగాళ్లు రావడంలో తప్పేమీ లేదు. జట్టు పేరులో తెలుగు ఉన్నందున తెలుగువారికి చోటివ్వాలన్న వాదన అభిమానానికి సంబంధించినది. వ్యయపరిమితి దృష్టితో చూస్తే అదే విషయం లెక్కకు సంబంధించినదవుతుంది. 10వ సీజన్‌లో ‘డి’ వర్గం ఆటగాడి కనీస ధర 9 లక్షలు. తార ధరలో అది ఇరవై అయిదో వంతు కూడా కాదు. యువ ఆటగాళ్లను వేలంతో నిమిత్తం లేకుండా తీసుకొని తీర్చిదిద్దే వీలును లీగ్ నిబంధనలు కల్పిస్తున్నాయి. మండలస్థాయి పోటీల్లో, పాఠశాలల్లో, సింగరేణి కాలనీల మైదానాల్లో రెండేళ్లు ఓపికగా వెతికే జట్టుకు ఆ వీలు పెట్టుబడి అవుతుంది. వెతకని జట్టుకు అదే స్థానం ఖాళీని పూరించే లాంఛనంగా మిగులుతుంది. జట్టు జాబితాలో చివరి పేరును ‘ఆటలో అరటిపండు’గా భావించిన చోట కూర్పు విఫలమవుతుంది.

6. ముగింపు:
• ఉద్ది పద్ధతి ఆటగాడిని ఆటగాడితో తూచి జట్ల బలాన్ని సమం చేస్తుంది. వ్యయపరిమితి ఖర్చును మాత్రమే సమం చేస్తుంది.
• చారిత్రక అనుకరణ లీగ్‌లో ధర ఫలితాన్ని అనుసరిస్తుంది. వేలంలో ధర ఆశను అనుసరిస్తుంది. అందువల్ల వేలంలో ఒకే ఆటగాడిపై పెట్టే సగం ధనం, సగం సీజన్‌ను ఒకే మోకాలికి అప్పగించడంతో సమానం.
• తెలుగు టైటాన్స్, పుణేరి పల్టన్ జట్ల 10వ సీజన్ పోలికను బట్టి, తారకు ఇచ్చిన వాటా కంటే మిగిలిన పదిహేడు మంది పొందికే ఫలితాన్ని నిర్ణయించింది.
• ఆ పొందిక స్థానికంగా, ముందుగా, తక్కువ ధరకు నిర్మించుకోవలసినది. ఉత్తర తెలంగాణ చెడుగుడు బరులను ఆ దృష్టితో చూడటం ఆటగాళ్లకు చేసే ఉపకారం కాదు, జట్టుకు అవసరమైన లెక్క.