వ్యుత్పత్తి – విపత్తి

మా చెల్లెలు తెల్లాపూర్‌లో ఫ్లాటు కొనుక్కుంది. పాలు పొంగించి నాలుగు రోజులైనా కాలేదు, వాళ్లబ్బాయి నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, మన ఊరి పేరుకు వ్యుత్పత్తి రాసుకు రమ్మన్నారు స్కూల్లో. వ్యుత్పత్తి అంటే ఏమిటి?"

నవలలు రాసే పెద్దమ్మ ఉన్నందుకు పిల్లవాడికి ఆ మాత్రం ఉపకారమైనా జరగాలి గదా! పైగా బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదివినదాన్ని. పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను.

వ్యుత్పత్తి అంటే మాట ఎలా పుట్టిందో విప్పి చెప్పడం. ఆ మాటనే విప్పి చూస్తే ముందు వి, ఉత్ అనే రెండు ఉపసర్గలు, వాటి వెనుక 'పద్' అనే సంస్కృత ధాతువు. పద్ అంటే నడవడం, వెళ్లడం. మన పాదమూ, మనం పలికే పదమూ దాని పిల్లలే. ముందు తగిలే ముక్కను బట్టి ఈ ధాతువు వేసే వేషాలు చూడండి. సమ్ చేరితే సంపద, ఆ చేరితే ఆపద, ఉత్ చేరితే ఉత్పత్తి, ఉత్తి వి చేరితే విపత్తి. ఇడ్లీకి పప్పూ రవ్వా కలిపేటప్పుడు మనం చూసుకునే నిష్పత్తి కూడా ఆ ఇంటి ఆడపడుచే.

వ్యుత్పత్తి చెప్పే అర్థం ఒకటి, వాడుకలో నిలిచే అర్థం ఇంకొకటి. వీణ బాగా వాయించేవాళ్లు ప్రవీణులు. మరి మా అత్తగారు ఆవకాయ పెట్టడంలో ప్రవీణురాలంటే అక్కడ వీణ ఎక్కడిదండీ?

అసలు వ్యుత్పత్తి అన్న మాటకే పాండిత్యమని ఇంకో అర్థం ఉంది. బాగా చదువుకున్నవాణ్ణి వ్యుత్పన్నుడంటారు. కవికి సహజంగా వచ్చిన శక్తి గొప్పదా, చదివి సంపాదించిన వ్యుత్పత్తి గొప్పదా అని మన ఆలంకారికులు తెగ వాదించుకున్నారు. వ్యుత్పత్తి చాలక దొర్లిన దోషాన్ని కవి శక్తి కప్పేస్తుందని ధ్వన్యాలోకంలో ఆనందవర్ధనుడు అభయమిచ్చాడు. చెప్పొద్దూ, ఆ ధైర్యంతోనే నేనిన్ని నవలలు రాశాను!

ఇంత ఉపన్యాసమూ ఇచ్చి, "తెల్లాపూర్‌కేముందిరా, తెల్లనేల ఉన్న ఊరు. పూర్ అంటే పురం" అనేశాను. వాడు గుండ్రటి అక్షరాలతో పెన్సిలుతో రాసేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వాడు దాన్ని పైకి చదువుతుంటే, పాలు పోయడానికి వచ్చిన పెద్దాయన విని నవ్వాడు. "తెలుపు గాదమ్మా. గిది తెలంగాణపురం. మా ఊర్ల రాయి మీద రాసుంది" అన్నాడు, క్యాను మూత బిగిస్తూ.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాయి సంగతి నేనెప్పుడో చదివాను. తీరా ఆ ఊళ్లోనే కూర్చుని మరిచిపోయాను. 1417 నాటి తెలుగు శాసనం అది. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా ఏలుతున్న రోజులు. బంగారు పని చేసే విశ్వకర్మల కుటుంబంవాళ్లు ఇక్కడ మామిడితోట వేసి, దాని నీళ్లకోసం దిగుడుబావి తవ్వించి, ఆ ముచ్చటంతా రాతి మీద చెక్కించారు. అందులో ఊరి పేరు తెలంగాణపురం. 2014లో కొత్త రాష్ట్రానికి పెట్టుకున్న పేరు సుమారు 600 ఏళ్ల కిందటే ఈ పల్లె పేరులో ఉందన్నమాట! అదే జనం నోళ్లలో నలిగి తెల్లాపూర్ అయిందంటారు.

చెవికి ఇంపుగా ఉందని పేరుకు కథ అల్లినదాన్ని నేనొక్కదాన్నే కాదు లెండి. కాకతి ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుడంతటివాడు కాళేశ్వరం, శ్రీశైలం, దాక్షారామం – ఈ మూడు లింగాల దేశం కాబట్టి త్రిలింగమన్నాడు. దాన్నుంచే తెలుగు అన్న మాట పుట్టిందని చాలాకాలం నమ్మారు. తెలుగే ముందు, దానికి సంస్కృతం చీర కడితే త్రిలింగమైందని తర్వాత చాలామంది పండితులు తేల్చారు. తెలంగాణలోని చివరి ముక్క సంగతి చూస్తే, దేశమనే అర్థమున్న 'ఆణెం' అని కొందరు, పారశీ పలుకుబడి అని కొందరు. నాకు ఆణెమే నచ్చింది. కాని నచ్చింది గనుక నిజమనే ధైర్యం ఆ పాలపొద్దుతోనే పోయింది.

నోటుబుక్కు ఇంకా బడికి వెళ్లలేదు, అదే నయం. వాణ్ణి పిలిచి, "నేను చెప్పింది తప్పు నాన్నా, చెరిపెయ్" అన్నాను.

"అయితే తెలీకుండానే చెప్పావా పెద్దమ్మా?" అన్నాడు.

దీనికి ఏ ఆనందవర్ధనుడూ అడ్డురాడు గదా. "అవున్రా" అన్నాను. వాడు రబ్బరుతో రుద్ది, శాసనం సంగతి రాసుకున్నాడు. 'తెల్లనేల' మాత్రం కింద మసగ్గా కనిపిస్తూనే ఉంది.

"మరి పక్కనున్న కొల్లూరుకు ఆ పేరెలా వచ్చింది?"

"పాలు పోసే తాతను అడుగుదాం పద" అన్నాను.