గుత్తి ఉత్తరం నుంచి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ దాకా: ఒక భారతీయ గణిత పత్రిక కథ

జీఎస్-3లో సైన్స్ అండ్ టెక్నాలజీ చదివేటప్పుడు మనందరికీ ఎదురయ్యే వాక్యం ఒకటుంది: పరిశోధన పత్రాల సంఖ్యలో భారత్ ముందు వరసలో ఉంది, సైటేషన్లలో మాత్రం వెనకబడింది. దీన్ని నోట్స్‌లో రాసుకుంటాం, జవాబులో దించేస్తాం. సైటేషన్ అంటే ఏమిటి, దాన్ని ఎవరు లెక్కపెడతారు, ఎన్నేళ్లకు లెక్కపెడతారు అని ఆగి ఆలోచించేవాళ్లు తక్కువ. ఈ వ్యాసంలో ఆ పని ఒకే ఒక్క పత్రికను పట్టుకుని చేద్దాం. ఆ పత్రిక పేరు జర్నల్ ఆఫ్ ది ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ. దాని కథ మొదలైంది మన అనంతపురం జిల్లా గుత్తిలో.

1906 డిసెంబర్ 25న గుత్తి డిప్యూటీ కలెక్టర్ వి. రామస్వామి అయ్యర్ తనకు తెలిసిన గణిత ప్రియులకు ఒక ఉత్తరం రాశారు. (అప్పటికి ‘రాయలసీమ’ అనే పేరే లేదు, దత్త మండలాలు అనేవారు. ఆ పేరు 1928లో వచ్చింది. ప్రిలిమ్స్ వాళ్లు గుర్తుపెట్టుకోండి.) ఉత్తరంలోని విషయం చాలా మామూలుది. యూరప్‌లో గణితం ఎటు పోతోందో తెలియాలంటే అక్కడి పత్రికలు, పుస్తకాలు కావాలి. అవి ఖరీదైనవి, ఒక్కడు కొనలేడు. కాబట్టి కొంతమంది కలిసి చందాలు వేసుకుని తెప్పించుకుందాం, పోస్టులో ఒకరి తర్వాత ఒకరు చదువుకుందాం అన్నది ప్రతిపాదన. 1907 ఏప్రిల్ 4న 20 మంది సభ్యులతో ‘అనలిటిక్ క్లబ్’ ఏర్పడింది. తర్వాత అది ఇండియన్ మ్యాథమెటికల్ క్లబ్ అయింది, 1910లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. గ్రంథాలయం పూణే ఫెర్గూసన్ కాలేజీలో పెట్టారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇది ప్రభుత్వం పెట్టిన సంస్థ కాదు, విశ్వవిద్యాలయం పెట్టిందీ కాదు. రెవెన్యూ శాఖ ఉద్యోగి ఒకాయన, కాలేజీ లెక్చరర్లు కొందరు పెట్టుకున్నది. 1905 తర్వాతి స్వదేశీ కాలం గురించి చదివేటప్పుడు విదేశీ వస్త్ర దహనం, జాతీయ విద్యా మండలి దగ్గరే ఆగిపోతాం. 1907లో ఈ సంఘం, 1908లో అశుతోష్ ముఖర్జీ స్థాపించిన కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ కూడా ఆ కాలపు వాతావరణంలోనే పుట్టాయి. వీటిని జాతీయోద్యమ సంస్థలు అనడం అతిశయోక్తి అవుతుంది, ఎందుకంటే ఇందులో బ్రిటిష్ ప్రొఫెసర్లూ ఉన్నారు, ప్రభుత్వ ఉద్యోగులూ ఉన్నారు. కానీ విజ్ఞానాన్ని దిగుమతి చేసుకునే దశ నుంచి ఇక్కడే అచ్చువేసే దశకు వెళ్లాలన్న కోరిక మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

పత్రిక 1909లో మొదలైంది. బెంగళూరు సెంట్రల్ కాలేజీకి చెందిన ఎం.టి. నారాయణ అయ్యంగార్ తొలి సంపాదకుడు. మొదట్లో అందులో గొప్ప పరిశోధన ఏమీ లేదు. చిన్న నోట్సులు, జ్యామితి సమస్యలు, పాఠకులకు ప్రశ్నలు, వాటికి పాఠకులు పంపిన జవాబులు ఉండేవి. మన పోటీ పరీక్షల మాసపత్రికల్లో వచ్చే ప్రశ్నల శీర్షిక లాంటిదే. 1911లో ఆ శీర్షికలో 289వ నంబరు ప్రశ్న వచ్చింది. వర్గమూలం లోపల వర్గమూలం, దాని లోపల మరో వర్గమూలం, అలా అంతు లేకుండా పోయే ఒక గొలుసు ఇచ్చి దాని విలువ చెప్పమన్నారు. నెలలు గడిచినా ఎవరూ జవాబు పంపలేదు. చివరికి ప్రశ్న పంపినవాడే జవాబు చెప్పాడు: 3. ఆయన పేరు శ్రీనివాస రామానుజన్. అదే ఏడాది ఆయన తొలి పరిశోధన పత్రం, బెర్నూలీ సంఖ్యల ధర్మాల గురించి, ఈ పత్రికలోనే వచ్చింది. ఆయన రాత ఎవరికీ అర్థమయ్యేలా లేకపోవడంతో నారాయణ అయ్యంగార్ ఒకటికి రెండుసార్లు వెనక్కి పంపి దిద్దించారని జీవిత చరిత్రకారులు రాశారు.

దానికి ఏడాది ముందే రామానుజన్ ఉద్యోగం కోసం రామస్వామి అయ్యర్ దగ్గరికి వెళ్లారు. అప్పుడాయన తిరుక్కోయిలూరులో ఉన్నారు. నోటుపుస్తకాలు చూసిన అయ్యర్ ఈ కుర్రాణ్ని తన ఆఫీసులో గుమాస్తాగా పెట్టుకుంటే పాడైపోతాడనుకుని మద్రాసు మిత్రులకు ఉత్తరమిచ్చి పంపారు. అక్కడి నుంచి దారి నెల్లూరుకు వెళ్లింది. నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు గణిత సంఘం కార్యదర్శి కూడా. ఆయన నెలకు 25 రూపాయలు తన సొంత డబ్బు ఇచ్చి రామానుజన్‌ను పోషించారు. గుత్తి, నెల్లూరు రెండూ లేకుండా రామానుజన్ కథ చెప్పలేం.

ఇప్పుడు సైటేషన్ కళ్లతో చూద్దాం. బెర్నూలీ సంఖ్యల పత్రాన్ని మొదటి రెండేళ్లలో ఎంతమంది ఉటంకించి ఉంటారు? దాదాపు ఎవరూ ఉండరు. కానీ డిగ్రీ లేని ఒక మద్రాసు పోర్ట్ ట్రస్ట్ గుమాస్తాకు ‘ఇతను అచ్చయిన గణితవేత్త’ అనే ఆధారం ఆ పత్రికే ఇచ్చింది. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకు నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చేనాటికి ఆయన పేరు ఈ పత్రిక పుటల్లో చాలాసార్లు వచ్చి ఉంది. ఒక పత్రిక ప్రభావం అంటే ఇదీ ఉంటుంది. దీన్ని లెక్కించే గడి ఏ పట్టికలోనూ లేదు.

1927 నుంచి 1950 దాకా ఆర్. వైద్యనాథస్వామి సంపాదకత్వంలో పత్రిక స్వరూపం మారింది. 1933లో విద్యార్థులకు, ఉపాధ్యాయులకు పనికొచ్చే రచనల కోసం ‘ది మ్యాథమెటిక్స్ స్టూడెంట్’ అని వేరే పత్రిక పెట్టారు. దాంతో పాత పత్రిక పూర్తిగా పరిశోధన పత్రిక అయింది. సంఖ్యా సిద్ధాంతం, విశ్లేషణ దాని బలాలుగా నిలిచాయి. ఈ దశలోనే ఎస్.ఎస్. పిళ్లై పత్రాలు వచ్చాయి.

పిళ్లై గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన విషయమంతా ఇక్కడే ఉంది. 8, 9 పక్కపక్క సంఖ్యలు. 8 అంటే 2 ఘనం, 9 అంటే 3 వర్గం. 25, 27 చూడండి: ఒకటి 5 వర్గం, ఇంకొకటి 3 ఘనం, తేడా 2. ఇలా రెండు పూర్ణ ఘాతాల మధ్య ఒక నిర్ణీత తేడా ఎన్నిసార్లు రావచ్చు? పిళ్లై 1931లోనూ 1936లోనూ ఈ తరహా సమీకరణాల మీద ఈ పత్రికలో రాశారు. ఏ తేడా తీసుకున్నా అలాంటి జతలు పరిమితంగానే ఉంటాయన్న తన ఊహను అలీగఢ్‌లో జరిగిన సంఘం సమావేశంలో చెప్పి, 1945లో అచ్చులో పెట్టారు. తేడా 1 విషయాన్ని ప్రేడా మిహైలెస్కు 2002లో తేల్చారు, 8-9 ఒక్కటే జత అని. తేడా 2 సంగతి నేటికీ తేలలేదు. పిళ్లై మాత్రం 1950లో హార్వర్డ్‌లో జరిగే అంతర్జాతీయ గణిత మహాసభకు వెళుతూ కైరో దగ్గర విమాన ప్రమాదంలో పోయారు. ఆయన 1936 పత్రాన్ని ఈ మధ్య, 2017 తర్వాత కూడా, ఫిబొనాచీ సంఖ్యల మీద పనిచేసేవాళ్లు వరసగా ఉటంకిస్తున్నారు. అంటే 80 ఏళ్లు దాటాక.

ఇంకో ఉదాహరణ. 1956లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో జీటా ఫంక్షన్ల మీద అంతర్జాతీయ గోష్ఠి జరిగింది. అక్కడ నార్వే గణితవేత్త, 1950 ఫీల్డ్స్ మెడల్ గ్రహీత ఆట్లే సెల్బెర్గ్ సమర్పించిన పరిశోధన మన పత్రిక 20వ సంపుటంలో వచ్చింది. అప్పట్లో సంపాదక బాధ్యత కె. చంద్రశేఖరన్‌ది. నేడు ‘సెల్బెర్గ్ ట్రేస్ ఫార్ములా’గా ప్రపంచమంతా పిలిచేది అదే. ఆధునిక సంఖ్యా సిద్ధాంతంలో ఆ ప్రాంతంలో పనిచేసే ఎవరైనా ఆ పత్రం పేరు రాయాల్సిందే. సెల్బెర్గ్‌ను చిన్నతనంలో గణితం వైపు లాగింది రామానుజన్ మీద వచ్చిన ఒక నార్వేజియన్ వ్యాసం కావడం అందమైన యాదృచ్ఛికం.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1955లో, యూజిన్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ ‘సైన్స్’ పత్రికలో సైటేషన్ సూచిక ఆలోచన బయటపెట్టారు. ఫిలడెల్ఫియాలో సంస్థ పెట్టి 1960ల్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చారు. 1970ల నుంచి పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పట్టికలు రావడం మొదలైంది. లైబ్రేరియన్ ఏ పత్రికకు చందా కట్టాలో తేల్చుకోవడానికి పనికొచ్చే సాధనం అది. లెక్క సులువు: ఒక పత్రిక గత రెండేళ్లలో వేసిన పత్రాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను, ఆ పత్రాల సంఖ్యతో భాగించాలి. రెండేళ్లలో 60 పత్రాలు వేసిన పత్రికకు ఈ ఏడాది 30 సైటేషన్లు వస్తే 0.5. అందులో ఒక్క సమీక్షా వ్యాసం చేర్చి దానికొక్కదానికే 30 వచ్చాయనుకోండి, అంకె దాదాపు 1కి చేరుతుంది. మిగతా 60 పత్రాల్లో అక్షరం మారలేదు.

గణితానికి ఈ రెండేళ్ల కిటికీ అస్సలు సరిపోదు. పత్రం సరిచూడటానికే ఏడాది, రెండేళ్లు పడుతుంది. రాసేది ఒకరో ఇద్దరో. వెనక ఇచ్చే ఆధారాలు పది, ఇరవై. గణిత ప్రపంచంలో అగ్రశ్రేణి పత్రిక ‘యానల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సుమారు 5. ఒక క్యాన్సర్ వైద్య పత్రికకు కొన్నేళ్లుగా 200 పైనే. దీన్ని బట్టి క్యాన్సర్ పత్రిక 40 రెట్లు గొప్పదని ఎవరైనా అంటే నవ్వుతాం. 2008లో అంతర్జాతీయ గణిత సంఘం, మరో రెండు సంస్థలు కలిసి ఇచ్చిన నివేదిక, గణిత పత్రికలకు వచ్చే సైటేషన్లలో దాదాపు 90 శాతం ఈ రెండేళ్ల కిటికీ బయటే ఉంటాయని చూపించింది. అంటే మిగిలిన 10 శాతం మీదే తీర్పు.

మన దగ్గర ఏం జరిగింది? యూజీసీ 2010 నిబంధనల్లో ఏపీఐ పాయింట్లు వచ్చాయి. అధ్యాపకుల నియామకానికీ ప్రమోషన్‌కూ పత్రానికిన్ని పాయింట్లు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెరిగేకొద్దీ అదనం. గణితానికీ వైద్యానికీ వేరు కొలత లేదు. అడిగిన చోటల్లా అంకె కావాలి కాబట్టి అంకెలు అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. నేను బీటెక్ చదివిన కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును ఏదో ఒక ‘ఇంటర్నేషనల్ జర్నల్’లో వేయించాలని ఒత్తిడి ఉండేది. ఒక్కో బ్యాచ్ చందాలు పోగుచేసి కట్టేది, వారంలో పత్రం ‘అంగీకరించబడింది’ అని మెయిల్ వచ్చేది, దిద్దుబాట్లు ఏమీ అడిగేవారు కాదు. నారాయణ అయ్యంగార్ రామానుజన్‌కు తిప్పి పంపిన కాగితాలతో పోలిస్తే తేడా తెలుస్తుంది. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించింది. తర్వాత తెచ్చిన కేర్ జాబితాను కూడా 2025లో ఆపేసి బాధ్యత విద్యాసంస్థలకే వదిలేసింది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2011లో డగ్లస్ ఆర్నాల్డ్, క్రిస్టీన్ ఫౌలర్ ఒక అనువర్తిత గణిత పత్రిక తన వాళ్ల చేత తననే ఉటంకింపజేసుకుని ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఎలా నిలిచిందో బయటపెట్టారు. 2023లో క్లారివేట్ సంస్థ ‘అత్యధికంగా ఉటంకించబడిన పరిశోధకుల’ జాబితా నుంచి గణితాన్నే తీసేసింది, ఆ రంగంలో అంకెలను తారుమారు చేయడం అంత తేలికైందని. కొలత ఎప్పుడైతే లక్ష్యంగా మారుతుందో అప్పుడది కొలతగా చెడిపోతుందనే గుడ్‌హార్ట్ సూత్రానికి ఎస్సే పేపర్లో ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ నాకైతే దొరకలేదు.

అలాగని సైటేషన్లను తీసిపారేయమని కాదు. ఓపిక పడితే అవీ నిజమే చెబుతాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పత్రం వేశారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు, అంటే మనలో చాలామంది వయసు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చినప్పుడు ప్రధానంగా చెప్పింది ఆ పత్రం గురించే. మధ్యలో 78 ఏళ్లు. ఆ పత్రాన్ని వేసిందీ ఒక భారతీయ సంఘం నడిపే పత్రికే.

ఇక నేటి విధానం. 2024 నవంబర్‌లో కేంద్రం ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, 1.8 కోట్ల మందికి అందుబాటు. గుత్తి ఉత్తరం అడిగిందీ ఇదే: ఒక్కడు కొనలేని పత్రికను అందరం కలిసి తెప్పించుకోవడం. అయితే ఆ 20 మంది తెప్పించుకోవడం దగ్గర ఆగలేదు, రెండేళ్లకే సొంత పత్రిక పెట్టారు. ఈ పథకం డబ్బు ప్రధానంగా చదవడానికి. ఇక్కడి పత్రికలకు మంచి సంపాదకులు, ఓపికగా సరిచూసే సమీక్షకులు ఎలా వస్తారన్నది వేరే ప్రశ్న. దానికి ఇంత పెద్ద పథకం ఇంకా నాకు కనబడలేదు.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): పరిశోధన నాణ్యతను సైటేషన్ల ఆధారంగా కొలవడంలో ఉన్న పరిమితులను మౌలిక శాస్త్రాల ఉదాహరణలతో చర్చించండి. భారతీయ పరిశోధన పత్రికలను బలోపేతం చేయడానికి ఏ చర్యలు అవసరం?