ఎన్‌ఎంఈఏ 2000: పడవ పరికరాల ఉమ్మడి తీగ

పడవలోని జీపీఎస్, లోతు కొలిచే ఎకో సౌండర్, గాలిమాపకం, ఇంజిన్, ఆటోపైలట్‌లను ఒకే కేబుల్ మీదికి తెచ్చి, ఒకటి పంపిన సమాచారం మిగతావన్నీ అందుకునేలా చేసే ప్రమాణం ఎన్‌ఎంఈఏ 2000. అమెరికాలో 1957లో ఏర్పడిన నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ (ఎన్‌ఎంఈఏ) దీన్ని రూపొందించింది.

అంతకుముందు 1983లో ఇదే సంస్థ ఎన్‌ఎంఈఏ 0183ని తెచ్చింది. అందులో ఒక తీగ మీద మాట్లాడే పరికరం ఒక్కటే, మిగతావి వినాల్సిందే. వేగం సెకనుకు 4,800 బిట్లు. సాధారణంగా ప్రతి సందేశం డాలరు గుర్తుతో మొదలయ్యే ఒక వాక్యం. గుర్తు తర్వాతి రెండు అక్షరాలు మాట్లాడేది ఎవరో చెబుతాయి: జీపీ అంటే జీపీఎస్, జీఎల్ అంటే రష్యా గ్లొనాస్, జీఐ అంటే మన నావిక్. చివర నక్షత్రం గుర్తు, తప్పులు పట్టే తనిఖీ సంఖ్య ఉంటాయి. ఈ వాక్యాలను కంప్యూటర్ తెర మీద మనిషి నేరుగా చదువుకోగలడు. అందుకే అది నేటికీ వాడుకలో ఉంది. చిక్కల్లా పరికరాలు పెరిగినప్పుడే. మాట్లాడే ప్రతిదానికీ వేరే తీగ లాగాలి, లేదంటే మధ్యలో వాటన్నిటినీ కలిపే మల్టీప్లెక్సర్ పెట్టాలి.

పరిష్కారం కార్ల నుంచి వచ్చింది. వాహనాల కోసం బాష్ కంపెనీ 1986లో ప్రకటించిన క్యాన్ బస్ మీదే ఎన్‌ఎంఈఏ 2000 నడుస్తుంది. వేగం సెకనుకు 2,50,000 బిట్లు. పెత్తనం చేసే కేంద్ర కంప్యూటర్ లేదు. రెండు పరికరాలు ఒకేసారి పంపడం మొదలుపెడితే, ఎక్కువ ప్రాధాన్యం ఉన్న సందేశం చెక్కుచెదరకుండా సాగిపోతుంది. రెండోది అక్కడికక్కడే ఆగి, దారి ఖాళీ అయ్యాక మళ్లీ పంపుతుంది. ఈ ఏర్పాటులోని అసలు తెలివి ఇదే.

ప్రతి రకం సమాచారానికీ పీజీఎన్ అనే సంఖ్య ఉంటుంది. పడవ ముఖం ఎటు ఉందో 127250 చెబుతుంది, గాలి సంగతి 130306 చెబుతుంది. నీటి లోతు తెలిపే 128267లో ఒక మెలిక ఉంది. సెన్సర్ తన కిందినుంచే లోతు కొలుస్తుంది. దానికి తోడు పంపే సవరణ విలువ ధనాత్మకమైతే సెన్సర్ నుంచి నీటి మట్టానికి, రుణాత్మకమైతే సెన్సర్ నుంచి పడవ అడుగున ఉండే కీల్‌కు ఉన్న దూరం. ఈ గుర్తు తారుమారైతే తెర మీద కనిపించే లోతును నమ్మి పడవను ఇసుక మేటకెక్కించే ప్రమాదముంది.

తీగల పనిలో క్రమశిక్షణ తప్పదు. పడవ పొడవునా బ్యాక్‌బోన్ కేబుల్ పోతుంది. దాని నుంచి టీ కనెక్టర్ల ద్వారా ఒక్కో పరికరానికి డ్రాప్ కేబుల్ దిగుతుంది, ఒక్కొక్కటి 6 మీటర్లు దాటకూడదు. మొత్తం మీద 50 పరికరాల దాకా తగిలించవచ్చు. బ్యాక్‌బోన్ రెండు కొసల్లో 120 ఓమ్‌ల టెర్మినేటర్లు ఉండాలి. లేకపోతే సిగ్నల్ కొసను తాకి వెనక్కి మళ్లి, కొత్త సందేశాలను పాడుచేస్తుంది. కరెంటు ఆపి, తెల్ల, నీలం తీగల మధ్య మల్టీమీటర్ పెడితే దాదాపు 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే ఒక టెర్మినేటర్ పనిచేయడం లేదు. 40 వచ్చిందంటే మూడోది ఎక్కడో దూరింది. గంటల తరబడి వెతికే లోపం చాలాసార్లు ఈ ఒక్క కొలతతోనే బయటపడుతుంది.

అయితే మాట్లాడే పరికరం నిజం చెబుతోందా లేదా అని నెట్‌వర్క్ విచారించదు. చెడిపోయిన సెన్సర్ పంపే తప్పుడు దిశను ఆటోపైలట్ నిజమనుకుని చుక్కాని తిప్పేస్తుంది. అందుకే తీగలతో సంబంధం లేని అయస్కాంత దిక్సూచి చుక్కాని దగ్గర ఉండి తీరాలి.

రాడార్, సోనార్ చిత్రాలకు ఎన్‌ఎంఈఏ 2000 వేగం చాలదు, అవి ఈథర్‌నెట్ మీద వెళ్తాయి. అందుకోసమే 2020లో ఎన్‌ఎంఈఏ సంస్థ వన్‌నెట్ అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. పాత పీజీఎన్ సందేశాలనే అది ఐపీవీ6 అనే ఇంటర్నెట్ ప్రోటోకాల్ మీద మోస్తుంది, ఎన్‌ఎంఈఏ 2000ను తొలగించకుండా దాని పక్కనే పనిచేస్తుంది.