అడంగలులో ఒక వరుస

ప్రొద్దుటూరు నుండి మైదుకూరు పోవు దారిలో చాపాడు ఉన్నది. కుందూనది పరిసరము, కర్నూలు-కడప కాలువ నీరు పారు మాగాణి. ఇట్టి సీమలో ఊళ్ల చరిత్ర మనకు రెండు రకముల వ్రాతలలో దొరకుచున్నది. ఒకటి కైఫీయత్తు, రెండవది అడంగలు.

కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులకు సి.పి. బ్రౌను ప్రతులు వ్రాయించినారు. ఊరు ఎట్లు పుట్టినది, గుడి ఎవరు కట్టినారు, మాన్యములు ఎవరివి, ఏ దొర ఏలుబడిలో ఏమి జరిగినది అంతయు అందులో కథవలె సాగిపోవును. చదువుటకు ఇంపుగా ఉండును. కాని ఒక్క పొలము విస్తీర్ణము కావలెనన్న కథ యావత్తు వెదకవలసినదే.

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసినాడు. 1807 వరకు ఇచట ప్రధాన కలెక్టరుగా ఉండిన థామస్ మన్రో, ఊరంతటికి కలిపి శిస్తు కట్టుటకు బదులు రైతురైతుతో లెక్క తేల్చుకొనదలచినాడు. అందులకు పొలము పొలమునకు వివరము కావలసివచ్చినది. ముప్పదిమూడు అడుగుల గొలుసుతో కొలత సాగినది. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరము ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరము. లెక్క వేసి చూచిన 1,089 చదరపుటడుగుల గుంటలు 40 కలిసి సరిగా 43,560 చదరపుటడుగులగును.

ఈ రైతువారీ పద్ధతి స్థిరపడిన కొలది గ్రామలెక్కలలో అడంగలు ముఖ్యమైనది. పొలము నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు, అనుభవదారు, పంట అను శీర్షికలు పుట పైభాగమున ఒక్కసారి ఉండును. ఆ క్రింద ఒక్కొక్క పొలమునకు ఒక్కొక్క వరుస. కరణము ప్రతి వరుసలోను “విస్తీర్ణము” అను మాటను తిరిగి వ్రాయడు. ఆ గడిలో అంకె మాత్రము వేయును. కాగితము, సిరా, కాలము మూడును ఆదా అగును. నాలుగవ గడిలోని పేరు ఎవరిదని అడుగనక్కరలేదు, అది పట్టాదారుదే.

గణనయంత్రములవారు ఈ ఉపాయమునకే వచ్చినారు. 1965లో ఇంగ్లండులో టోనీ హోర్ “రికార్డు” అను భావనను వివరించినాడు. నార్వేలో డాల్, నైగార్డ్ అనువారు 1967 నాటి సిమ్యులా భాషలో దానిని “క్లాసు”గా పెంచినారు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగు అనెడి పద్ధతికి అది మూలము. క్లాసు శీర్షికల వరుస వంటిది. ఆబ్జెక్టు దాని క్రింది పొలము వరుస వంటిది. పైథాన్ భాషలో మొదట ప్రతి ఆబ్జెక్టును తన గడుల పేర్ల పట్టిక నొకదానిని వెంటబెట్టుకొని తిరిగెడిది. లక్షల వరుసలైనప్పుడు ఆ బరువు తక్కువది కాదు. 2001లో “స్లాట్స్” అను ఏర్పాటు వచ్చి, గడులను ముందే నిర్ణయించి విలువలు మాత్రము ఉంచుకొను వీలు కలిగినది. 2021లో జావా భాష రికార్డులను స్థిరముగా చేర్చుకొన్నది. అందులో ఒకసారి నింపిన గడిని దిద్దుటకు వీలులేదు. మార్పు కావలెనన్న క్రొత్త వరుస వ్రాయవలసినదే. గుట్టుగా దిద్దిన అంకె వలన వ్యాజ్యములు పుట్టుట ఎరిగిన పల్లెవారికి ఈ నియమము ఎందులకో చెప్పనక్కరలేదు.

అయితే ఈ పొదుపునకు ఒక వెల ఉన్నది. గడి లేని సంగతి వరుసలో ఇమడదు. పుటలో పట్టాదారు గడి ఒక్కటే ఉండి అనుభవదారు గడి లేదనుకొనుడు. కౌలుకు దున్ని, విత్తి, కోసినవాడు ఆ కాగితములో లేనివాడే. పంట నష్టమైన నాడు సాయము, అప్పు కావలెనన్న నాడు రుజువు, రెండును అతనికి చిక్కవు. ఆంధ్రదేశములో 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టమును, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమును వచ్చినది ఈ లోపమును పూడ్చుటకే.

1984లో కరణముల పదవి రద్దయినది. 2015 నుండి అడంగలు “మీ భూమి” ద్వారా తెరమీద కనబడుచున్నది. కవిలెకట్ట పోయి యంత్రము వచ్చినను వరుస అదే, గడి అదే. కనుక పట్టికను రూపొందించువారు ఎన్ని గడులు తగ్గింపవచ్చునని లెక్కించుటతో పాటు, తగ్గించిన గడిలో ఎవరు నిలిచియుండిరో కూడ విచారింపవలెను. కైఫీయత్తు వ్రాసినవారు పొదుపు ఎరుగరు, కాని ఏ సంగతినైనను చేర్చుటకు వారికి చోటు ఉండెడిది. ఆ చోటును అడంగలులో మనము ముందుగానే తలచి ఏర్పరచవలసియున్నది.